నక్క కడిగిన ఆకులు

ఎర్రగుట్టకు ఈవల వేరుశనగ వేసుకుని బతికే జంతువులు ఉండేవి. ఎర్రనేల, వానను నమ్ముకున్న సేద్యం. ఎవరి చేను వాళ్ళదే, ఎవరి తిండి వాళ్ళదే. విత్తనం మాత్రం ఊరందరిదీ ఒక్కచోటే దాచేవాళ్ళు. చెట్లు పీకే కాలం రాగానే ఊరంతా చేల మీదికి కదిలేది. ఊరికి పెద్ద అయిన ముళ్ళపంది ఈరమ్మవ్వ ప్రతి చేనులోనూ అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు పీకి, మట్టి దులిపి, కాయలు తడిమి చూసి, చివరికి ఏదో ఒక చేని గట్టు మీద కూర్చునేది. ఆమె ఏ గట్టు మీద కూర్చుంటే అదే ఆ ఏటి విత్తనపు చేను. ఆ చేను ఎవరిదో వాళ్ళ ఇంట్లోనే ఊరి విత్తనమంతా ఉండేది. తొలకరికి చిన్నాపెద్దా అందరూ ఆ గడప ముందుకే రావాలి. అందుకని విత్తనం ఎవరింట్లో ఉంటే ఊళ్ళో మాట వాళ్ళది.

చాలా ఏళ్ళుగా ఈరమ్మవ్వ కూర్చుంటున్నది ఎద్దు ఓబన్న గట్టు మీదే. ఓబన్నకు వయసు పైబడింది. నడక నెమ్మది, మాట అంతకన్నా నెమ్మది. ఏదైనా అడిగితే ఆ ప్రశ్నను గడ్డిలాగా నెమరేసి గానీ జవాబు చెప్పడు. కానీ విత్తనానికి వచ్చినవాళ్ళను ఒక్కరినీ ఉత్త చేతులతో పంపింది లేదు.

ఓబన్న చేనుకు ఆనుకునే నక్క తిప్పన్న చేను. తిప్పన్నకు తన నాలుక మీద ఎంత నమ్మకమో తన తోక మీద అంత మురిపెం. గుబురుగా, చీపురుకట్టలాగా ఉండే తోక. దాన్ని ఊపుకుంటూ ఊళ్ళో తిరుగుతూ, ఈసారి విత్తనం తన ఇంటికి వస్తే కొన్ని సంగతులు సరిదిద్దుతానని అందరితో చెప్పేవాడు. ఏం సరిదిద్దుతావని ఎవరో అడిగారు.

"నడుం వంగనివాళ్ళకు చేనెందుకు? వాళ్ళకు విత్తనం ఇచ్చి దండగ చేయడమెందుకు? ఓబన్న మామకు గట్టు మీద గడ్డి చాలదా?"

వేళాకోళంగానే అన్నాడు. విన్నవాళ్ళు నవ్వారు. ఓబన్నకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నేలను కోడె వయసు నుంచీ దున్నింది తనే. రాళ్ళు ఏరింది తనే. విత్తనం నక్క గడప దాటి రాకపోతే ఆ చేను ఇక తనది కాదు.

వేరుశనగ పూలు ఊడలై నేలలోకి దిగే రోజుల్లో ఒక పొద్దున తిప్పన్న ఊరందరినీ ఓబన్న చేను దగ్గరికి పిలిచాడు. రాలిపోయిన కొంగ ఈక ఒకటి నోట కరుచుకుని వచ్చాడు. దానితో ఓబన్న చేని ఆకును మెల్లగా తుడిచి, ఈకను ఎండకు ఎత్తి చూపించాడు. తెల్లటి ఈక మీద సన్నటి మరక. బూడిద రంగులో కాస్త గులాబీ కలిసినట్టు ఉంది.

"బూజు," అన్నాడు తిప్పన్న, ఎంతో బాధపడుతున్నట్టు. "ఊరంతా వేసే విత్తనం ఈ బూజు పట్టిన చేనులోంచి వస్తోంది. మామను నేను తప్పు పట్టను. వయసైంది, కళ్ళు కనపడవు."

ఓబన్న ఆ మరకకేసి చూశాడు. ఇన్నేళ్ళు ఆ ఆకుల మధ్యే తిరిగినా అలాంటిది ఒకటుందని ఆయనకు తెలియదు. చెట్లు బాగానే ఉన్నాయే అన్నాడు. కుందేలు లచ్చుమక్క ముక్కు ముడుచుకుంది. ఊళ్ళో మాట ఎటు పెరిగితే అటు చెవులు తిప్పే రకం ఆమె. ఇన్నాళ్ళూ పిల్లలకు ఏం తినిపించానో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోందంది. ఇకమీదట ఆకు శుభ్రం కూడా చూడాలని తిప్పన్న అడిగాడు. జనం తలలాడించారు. ఈరమ్మవ్వ ముళ్ళు ఒకసారి విదిల్చుకుని, ఈక పరీక్ష పెట్టుకుందాం, కాదనను, కానీ చెట్టు పీకి చూసే పద్ధతి మాత్రం మానేది లేదని చెప్పింది.

తిప్పన్న అంతదూరం ముందే ఆలోచించుకుని వచ్చాడు. గుట్టవతల మనుషుల చేలున్నాయి. అక్కడ ఎవరో వదిలేసి పోయిన తెగులు మందు డబ్బా అతనికి దొరికింది. పాలలాగా తెల్లగా, ముక్కు మండే వాసనతో ఉంది. చేనుకు తెగులు వచ్చినప్పుడు మనుషులు కొట్టే మందు అది. తిప్పన్న చేనుకు తెగులేమీ రాలేదు. అయినా దాన్ని కుండెడు నీళ్ళలో కలిపాడు. తోక ముంచి, సాళ్ళ వెంట నడుస్తూ అటొక ఊపు, ఇటొక ఊపు ఊపాడు. మళ్ళీ ముంచాడు, మళ్ళీ ఊపాడు. సాయంత్రానికి ఆకులన్నీ కడిగిన గాజుల్లా తళతళలాడాయి.

కుండ అడుగున కాస్త మందు మిగిలింది. ఓబన్నకు అది ఇస్తానంటే రెండు విధాలా తనకే లాభమనుకున్నాడు తిప్పన్న. తీసుకుంటే తన దయ వల్ల నెగ్గినట్టు, వద్దంటే ఓడినట్టు. గట్టు దగ్గరికి వెళ్ళి, ఎంతో ఆపేక్షగా పిలిచాడు.

"మామా, కొంచెం మిగిలింది. నీ చేనుకూ చల్లిపెట్టనా? ఊళ్ళో నీ పరువైనా దక్కుతుంది."

ఓబన్న కుండలోకి మూతి పెట్టి, వాసన తగలగానే వెనక్కి తీసుకున్నాడు. ఆ మాటను చాలాసేపు నమిలాడు.

"అల్లుడా, నువ్వు కాయ తిని ఆకు పారేస్తావు. కాయలు తెంపాక మిగిలిన కట్టెను, ఆ ఎండిన ఆకూ కాడనూ, ఎండాకాలమంతా నేను తినాలి. నోట్లో పెట్టుకోలేనిదాన్ని చేను మీద ఎట్లా చల్లను?"

"అయితే బూజు తింటావా?"

"ఇన్నేళ్ళూ తిన్నాను గదా. ఏమయ్యాను?"

తిప్పన్న నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈక పరీక్ష నాడు తిప్పన్న చేనులో తుడిచిన ఈక తెల్లగా వెళ్ళి తెల్లగానే వచ్చింది. ఓబన్న చేనులో తుడిచింది మళ్ళీ మరకతో వచ్చింది. ఊరు తిప్పన్నను మెచ్చుకుంది. లచ్చుమక్క ఆ మాసిన ఈకను తీసుకెళ్ళి ఓబన్న కొమ్ముకు తగిలించింది. నిన్నటి దాకా విత్తనానికి ఆ గడప ముందు నిలబడినవాళ్ళే అది చూసి పకపకా నవ్వారు.

అందరూ పోయాక ఓబన్న చేను మధ్యలో నిలబడ్డాడు. మొదటిసారిగా ఆయనకు తన చేను మీద అనుమానం పుట్టింది. నిజంగానే నాకు కనపడటం లేదేమో అనుకున్నాడు. మందు చల్లను సరే, ఆకులన్నిటినీ నాలుకతో నాకి శుభ్రం చేస్తే పోదా అనిపించింది. ఎద్దుకు తట్టే ఉపాయం అంతకన్నా ఏముంటుంది? నాలుక బారెడు చాపి మొదటి ఆకు మీదికి వంచాడు.

"ఆగు పెద్దాయనా, నన్నూ నా పిల్లల్నీ కలిపి మింగుతావు."

ఆకు అంచున అక్షింతల పురుగు చిట్టెమ్మ ఉంది. పసుపు కలిపిన బియ్యపు గింజంతే ఉంది. వెనక పిల్లలు బారులుగా ఉన్నారు. ఓబన్న నాలుక లోపలికి తీసుకుని, నువ్వు నక్క చేనులో కదా ఉండేదానివి అని అడిగాడు.

"ఉండేదాన్నే. అక్కడిప్పుడేముంది? ఆకు ఆకూ తిరిగాం. పొయ్యి ఆర్పి, గిన్నెలు బోర్లించి, ఇల్లు కడుక్కుని పోయినట్టుంది. పిల్లలు పస్తులున్నారు. నీ చేనులో ఇంత చోటు ఇవ్వు."

"మీరు తినేదేమిటి తల్లీ?"

"బూజే."

ఓబన్న నవ్వబోయి ఆగిపోయాడు. చిట్టెమ్మ అబద్ధమాడటం లేదు. ఎదురుగానే ఆకు మీద మూతి ఆనించి ఆకలిగా తింటోంది. తన ఆకు మీద నిజంగా అంత బూజు ఉందా అని అడిగాడు. ఆమె తింటూనే చెప్పుకొచ్చింది. ఒకటేమిటి, ఊరంత ఉందట. గులాబీ రంగుది ఒకటి, బూడిద రంగుది ఒకటి, దీపపు మసిలాంటిది ఇంకొకటి. లేత ఆకు మీద ఉండేది ముదురాకు మీదికి రాదట. ఆకు చెమ్మనీ, గాలికి వచ్చి పడిన పుప్పొడినీ తిని బతుకుతాయట. తనలాంటివాళ్ళు ఎంత తిన్నా మళ్ళీ నిండుకుంటాయట. ఓబన్న కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. వినేవాళ్ళెవరికైనా ఆశ్చర్యంగానే ఉంటుంది. వేలెడు కూడా లేని ఆకు మీద కంటికి కనపడనివాళ్ళు ఇంతమంది కాపురాలు చేస్తున్నారంటే, చేనులో అడుగు వేయడానికే మొహమాటమేస్తుంది.

"వాటివల్ల నా చెట్టుకు ఒరిగేదేమిటి?" అన్నాడు ఓబన్న.

"అది నాకేం తెలుసు? నాకు అన్నం. చెట్టుకు మాత్రం చెరుపు చేయగా చూడలేదు. ఊరికే చోటు పట్టుకుని కూర్చుంటాయి."

ఆ చివరి మాటను ఓబన్న రాత్రి మేత అయ్యేదాకా నెమరేశాడు. కోడె వయసులో మనుషుల జాతర బండి లాగిన సంగతి గుర్తొచ్చింది. బండి నిండా ముసలీ ముతకా, పిల్లా జెల్లా కిక్కిరిసి ఉండేవాళ్ళు. దారిలో తాగుబోతు ఎవడో పరిగెత్తుకొచ్చి ఎక్కబోయేవాడు. బండిలోవాళ్ళు వాణ్ణి కొట్టేవాళ్ళు కారు, తిట్టేవాళ్ళు కారు. కాలు పెట్టే సందు లేక వాడే కొంతదూరం వేలాడి, జారి రోడ్డు మీద పడేవాడు.

తెల్లారాక చిట్టెమ్మతో, మీకెంత కావాలంటే అంత తినండి, నేను నాలుక పెట్టను అని చెప్పాడు. కొమ్ముకున్న ఈకను మాత్రం తీసేయలేదు. చూసి నవ్వేవాళ్ళను నవ్వనిచ్చాడు.

తర్వాత ముసురు పట్టింది. ఎడతెగని సన్న చినుకు, ఎండ పొడ లేదు. తిప్పన్న చేని మీద మందు ఆ చినుక్కి కొట్టుకుపోయింది. మందూ పోయింది, అంతకు ముందు ఆకుల మీద ఉన్న కాపురాలూ పోయాయి. తళతళలాడే ఆ ఆకుల మీద ఇప్పుడు ఎవరూ లేరు. తిప్పన్నకు ఆ సంగతి తట్టలేదు. ఒకసారి కడిగింది కడిగినట్టే ఉంటుందనుకున్నాడు.

అతని దిగులు వేరే ఉంది. ఈక పరీక్ష నెగ్గాడు సరే, పీకే పరీక్ష మిగిలే ఉంది. పక్కనే ఓబన్న చెట్లు గుబురుగా, నల్లగా నిలబడి ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా అతనికి ముద్ద దిగేది కాదు. ముసురులో గుట్టెక్కి అవతలికి చూస్తే, ఎవరూ పట్టించుకోని ఒక వేరుశనగ చేను ఆకుమచ్చ తెగులుతో కాలినట్టు కనిపించింది. దగ్గరికి పోతే ఆకుల నిండా నల్లచుక్కలు, చుక్క చుట్టూ పసుపు వలయం. చూడగానే తిప్పన్నకు ఉపాయం తోచింది. ఆ చేనులో దిగి, రాలిపడిన మచ్చల ఆకుల్లో అటూ ఇటూ పొర్లి, తోకకు వీలైనంత చెత్త పట్టించుకున్నాడు. పొద్దు పొడిచే వేళకు ఓబన్న చేని సాళ్ళలోకి దిగాడు. తడి ఆకుల మీద తోకను ఈ పక్కా ఆ పక్కా రాస్తూ నడిచాడు.

ఓబన్న చూడనే చూశాడు. ముసురులో ఏం పని అల్లుడా అని పలకరించాడు. కలుపు మిగిలిందేమోనని చూస్తున్నా, ఇరుగుపొరుగువాళ్ళం కదా అన్నాడు తిప్పన్న.

"కలుపు చూడటానికి తోక అంత ఊపాలా?"

"దోమలు మామా."

తిప్పన్న ఆ సాళ్ళన్నీ తిరిగేసరికి తోక బరువెక్కి వేలాడింది. ఆ తడితో ఇంట్లోకి పోతే ఇల్లు పాడవుతుందని, పోయే ముందు దాన్ని గట్టిగా విదిలించుకున్నాడు. ఎక్కడనుకున్నారు? తన చేను నడిమధ్య. మందు కొట్టిన చేను, దీనికేమవుతుంది అనుకున్నాడు.

ముసురు వదిలేసరికి ఓబన్న చేనులో అడుగు ఆకుల మీద అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క కనిపించింది. ఓబన్న రోజూ పొద్దున్నే పోయి చూసేవాడు. చుక్కలు ఉన్నచోటే ఉన్నాయి. కొన్ని ఆకులు పసుపై రాలాయి, పై ఆకులు పచ్చగానే నిలిచాయి. తిప్పన్న చేనులో మాత్రం తెగులుకు అడ్డూ ఆపూ లేకపోయింది. ఖాళీ ఇళ్ళ వాడలో దొంగలు పడ్డట్టు ఆకు నుంచి ఆకుకు, సాలు నుంచి సాలుకు పాకింది. అతను డబ్బా కోసం పరిగెత్తాడు. డబ్బా ఎప్పుడో అయిపోయింది. గుట్టవతల వెతికినా ఇంకొకటి దొరకలేదు. చెట్లన్నీ ఆకు రాల్చి పుల్లలై నిలబడ్డాయి.

పీకే రోజు వచ్చింది. ఊరంతా కదిలింది. ఈరమ్మవ్వ ఓబన్న చేనులో ఒక చెట్టు పట్టి లాగింది. గుత్తులు గుత్తులుగా కాయలతో పైకొచ్చింది. తిప్పన్న చేనులో చెట్టు పట్టి లాగితే పుల్ల ఒక్కటే చేతికొచ్చింది. కాడలు కుళ్ళి కాయలు భూమిలోనే ఉండిపోయాయి. ఇంకో చెట్టు లాగింది, అదీ అంతే.

తిప్పన్న అందరికన్నా ముందే గొంతు లేపాడు.

"చూశారా, బూజు పట్టిన చేను పక్కనుంటే నా గతి ఏమైందో. ఆ మురికి ఆకుల నుంచే తెగులు నా చేనులోకి వచ్చింది. నా ఆకు ఎంత శుభ్రమో ఊరంతా చూసింది కదా. ఈ ముసలాయన చేను ఉన్నంతకాలం ఇంకెవరి చేనూ బతకదు. ముందు దాన్ని తీసేయండి."

జనంలో గుసగుసలు లేచాయి. లచ్చుమక్క చెవులు మళ్ళీ అటు తిరిగాయి. ఓబన్న ఇన్నేళ్ళ చేను ఒక్క మాటతో పోయేలా ఉంది.

ఈరమ్మవ్వ తొందరపడలేదు. తిప్పన్న చుట్టూ ఒకసారి తిరిగి వెనక ఆగింది.

"తిప్పన్నా, నీ తోకకు అంటుకున్నవేమిటి?"

అతను తోకను కాళ్ళ మధ్యకు లాక్కున్నాడు. ఆమె ముక్కుతో దాన్ని మళ్ళీ బయటికి తీసింది. గుబురు వెంట్రుకల్లో ఎండిపోయిన ఆకుముక్కలు, చుక్కచుక్కల ఆకుముక్కలు. వాటితో పాటు చిక్కులు పడి ఉత్తరేణి గింజలు. లచ్చుమక్క దగ్గరికొచ్చి వాసన చూసి, ఉత్తరేణి మన వైపు ఎక్కడుంది, అది గుట్టవతల ఆ పాడుబడిన చేనులోనే కదా అంది. అనేశాక, ఎవరి వైపు మాట్లాడానా అని తనే కాస్త కంగారుపడింది.

"ముసురులో నా చేనులోకొచ్చి తోక ఊపావే అల్లుడా," అన్నాడు ఓబన్న నెమ్మదిగా, అప్పటికి నెమరు పూర్తయి. "దోమలన్నావు."

ఇక ఎవరూ తిప్పన్నను అడగాల్సింది మిగల్లేదు. అయినా అతను ఊరుకోలేదు. పోనీ ఇద్దరి చేలలోనూ తెగులు పడింది కదా, మరి ఆయన మురికి ఆకు బతికి నా శుభ్రమైన ఆకు ఎందుకు చచ్చిందని అడిగాడు. ఆ అడగటంలో మాత్రం మోసం లేదు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"నీ ఆకు శుభ్రమే," అంది ఈరమ్మవ్వ. "ఎవ్వరూ లేనంత శుభ్రం. వచ్చినవాడికి ఎదురు చెప్పే దిక్కు కూడా లేదు. జబ్బు చేస్తే మందు వేసుకుంటారు. జబ్బు లేని చేనుకు మందు పోసి, దాని మీద బూజై కాపలా కాసేవాళ్ళను నువ్వే తరిమేశావు."

అని చెప్పి పోయి ఓబన్న గట్టు మీద కూర్చుంది. ఓబన్న కొమ్ముకున్న మాసిన ఈకను లచ్చుమక్క తీయబోతే, ఉండనీ అన్నాడు.

ఆ ఎండాకాలం తిప్పన్న తన చేనులో మిగిలిపోయిన కాయలను గోళ్ళతో తవ్వుకుని తిన్నాడు. తొలకరి పడగానే అందరూ విత్తనానికి ఓబన్న గడపకు వచ్చారు. చిట్టచివర, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పన్న వచ్చాడు. వాడికి ఒక్క గింజ ఇవ్వొద్దని ఊరంతా ఓబన్నకు చెప్పింది. గట్టు మీద గడ్డి చాలదా అని వాడి మాటే వాడికి అప్పజెప్పమంది లచ్చుమక్క.

ఓబన్న నెమరేశాడు. తర్వాత అందరికీ ఇచ్చినంతే తిప్పన్నకూ కొలిచి ఇచ్చాడు.

"వాడి చేను నా పక్క చేను," అన్నాడు ఊరితో. "అది బీడు పడితే తెగులు వచ్చి నా గడప పక్కనే ఇల్లు కట్టుకుంటుంది. పచ్చగా నిండి ఉంటేనే నాకు నిద్ర." అప్పుడు నక్క వైపు తిరిగి, "కలుపు చూడటానికి వస్తే మాత్రం తోక కడుక్కుని రా అల్లుడా," అన్నాడు.

తిప్పన్న తల వంచుకుని మూట ఎత్తుకున్నాడు. ఆ ఏడు చెట్లు ఏపుగా ఎదిగాక లచ్చుమక్క తిప్పన్న గట్టు వెంట పోతూ, అలవాటుగా కొంగ ఈకతో నక్క చేని ఆకు ఒకటి తుడవబోయింది. తిప్పన్న ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మెల్లగా అక్కా, లోపల కాపురాలున్నాయి."

మనం ఖాళీ చేసిన చోటు మనకోసం ఖాళీగా ఉండదు, ముందు వచ్చినవాడిదవుతుంది.